బీపీ రాసివ్వడమేనా నా పని?

ప్రశ్న: మేడమ్, నేను నర్సింగ్ పూర్తి చేసి రెండేళ్లయింది. ఆరు నెలల క్రితం వార్డు నుంచి గుండె పరీక్షల ఓపీకి మార్చారు. వచ్చినవాళ్ల బరువు, నడుము కొలత, బీపీ, షుగర్ చూసి, సిగరెట్ అలవాటు ఉందా అని అడిగి, రంగుల చార్టులో రాబోయే పదేళ్లలో గుండెపోటో పక్షవాతమో వచ్చే ముప్పు శాతం చూసి, రాసి డాక్టర్ గారికి పంపాలి. పోయిన వారం 52 ఏళ్ల ఆయన ఒకరు వచ్చారు. బీపీ పై అంకె 158 రాశాను. డాక్టర్ గారి గదిలో 144 వచ్చింది. పేషెంట్ ముందే "సరిగ్గా చూడటం రాదా?" అన్నారు. చార్టులో 14 శాతం వచ్చిందని చెబితే ఆయన, "అంటే నాకు గుండెపోటు వస్తుందా, రాదా? ఒక్క మాటలో చెప్పమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు. సిగరెట్ మానేయండి అనగానే ముఖం చిట్లించుకుని వెళ్లిపోయారు. వార్డులో అయితే ఒక మనిషిని కాపాడానన్న తృప్తి ఉండేది. ఇక్కడ అంకెలు రాసే గుమాస్తాలా ఉన్నాను. ఈ పనికి నర్సు కావాలా?
- ఒక స్టాఫ్ నర్సు

సమాధానం: నిన్ను 'నువ్వు' అనే పిలుస్తాను, ఏమీ అనుకోకు. ముప్పై ఏళ్లకు పైగా ఈ డ్యూటీలే చేసినదాన్ని. నీ ఉత్తరం చదువుతుంటే పక్క టేబుల్ దగ్గర కూర్చుని గొణుక్కుంటున్న జూనియర్‌లా అనిపించావు.

ముందు ఆ 158 సంగతి చూద్దాం. నీకు ఎక్కువ గుచ్చుకున్నది అదే. నువ్వు తప్పు చూశావని నేననుకోను. డాక్టర్ గారూ తప్పు చూసి ఉండరు. నీ దగ్గరికి ఆయన మెట్లెక్కో, వరసలో నిలబడో వచ్చి ఉంటారు. కూర్చోగానే పట్టీ చుట్టి ఉంటావు. ఆ తర్వాత డాక్టర్ గది బయట పావుగంటో అరగంటో కూర్చున్నారు. లోపలికి వెళ్లేసరికి ఒళ్లు కుదుటపడింది, అంకె దిగింది.

నా దగ్గర జరిగింది ఒకటి చెబుతాను. ఒక పెద్దాయనకు 168 వచ్చింది. రాయబోతూ ఎందుకో ఆయన్ని ఒకసారి తేరిపార చూశాను. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా బిగించి మడిచి ఉంది. కాలు మీద కాలు వేసుకున్నారు. కొడుకుతో ఫోన్లో మాట్లాడుతూనే రెండో చెయ్యి నాకిచ్చారు. పైగా కుర్చీలో కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ కదులుతున్నారు. "బాత్రూమ్‌కి వెళ్లాలా?" అని మెల్లగా అడిగితే సిగ్గుపడుతూ తలూపారు. లేచి వెళ్తే వరస పోతుందని గంట నుంచి ఆపుకున్నారట! వెళ్లొచ్చాక, చొక్కా చెయ్యి తీయించి, ఫోన్ పక్కన పెట్టించి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి చూస్తే 146. నేను ఆ మొదటి అంకే రాసి ఉంటే ఆ ఇరవై రెండు పాయింట్లకు ఆయనకు బహుశా ఒక మాత్ర ఎక్కువ పడేది.

ఇవన్నీ నువ్వు కాలేజీలో చదివినవే. పరీక్షలో రాసి ఓపీలో మర్చిపోయేవి కూడా ఇవే. అరగంట ముందు నుంచి టీ, కాఫీ, సిగరెట్ ఉండకూడదు. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చోవాలి. చెయ్యి గుండె ఎత్తులో, కింద ఆధారం మీద ఉండాలి. పట్టీ చర్మం మీదే చుట్టాలి. కొలిచేటప్పుడు ఆయనా మాట్లాడకూడదు, నువ్వూ మాట్లాడకూడదు. మాట్లాడితే చాలు, పది పాయింట్ల దాకా పెరగొచ్చు. ఒకటి రెండు నిమిషాల తేడాతో కనీసం రెండుసార్లు చూసి సగటు రాయాలి. మొదటిసారి వచ్చినవాళ్లకు రెండు చేతులకూ చూసి, ఏ చేతికి ఎక్కువ వస్తే ఇక ఎప్పుడూ ఆ చేతికే చూడాలి. అన్నిటికన్నా మనం నిర్లక్ష్యం చేసేది పట్టీ సైజు. లావు చేతికి మామూలు పట్టీ చుడితే లేని బీపీ చూపిస్తుంది. బాగా పెద్ద పట్టీ పట్టాల్సిన చేతికి మామూలు పట్టీ వేస్తే దాదాపు 20 పాయింట్లు ఎక్కువ వచ్చినట్టు అమెరికాలో పరీక్షించి చూశారు. మీ ఓపీలో ఒకటే సైజు పట్టీ ఉందనుకో, పెద్దది కావాలని అడుగు. ఇవ్వకపోతే మళ్లీ అడుగు.

ఇంకో పని చెయ్యి. ఖాళీ ఉన్నప్పుడు మీ పాత రిజిస్టర్ తిరగెయ్యి. 140/90, 130/80, 120/80 అని ఎన్ని సున్నాలు ఉంటాయో చూడు. అన్ని గుండెలూ గుండ్రటి అంకెల్లోనే కొట్టుకుంటాయా? అది రాసేవాళ్ల చేతి అలవాటు. నువ్వు 158 అని రాశావంటే, కనీసం చూసి రాశావు. అది నాకు నచ్చింది.

నువ్వు వాడేది ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టే అయితే ఇంకో సంగతి గమనించు. అందులో 140 నుంచి 159 వరకు ఒకటే వరస. అంటే 158 అయినా 144 అయినా ఆయన 14 శాతం మారదు. కానీ నువ్వు 162 రాసి ఉంటే పై వరసకు ఎక్కేవారు. రెండు పాయింట్లు అటూ ఇటూ అయితే గడి మారిపోయే చోట కూర్చున్నావు నువ్వు. ఇక మందు మొదలు పెట్టాలా వద్దా అనేది ఒకరోజు అంకెతో తేల్చేది కాదు. ఇంకోరోజు రప్పించి చూడాలి, లేదా ఇంట్లో చూసుకుని రాసుకు రమ్మనాలి.

డాక్టర్ గారు పేషెంట్ ముందు అలా అనకుండా ఉండాల్సింది, ఆ మాట వేరే. ఈసారి నుంచి అంకె పక్కన "ఐదు నిమిషాల విశ్రాంతి తర్వాత, కుడి చెయ్యి, రెండుసార్లు" అని రాసి పంపు. అప్పుడు తేడా వస్తే ఆయనే ఆలోచిస్తారు. మీ దగ్గర తిరగబడింది కానీ, డాక్టర్ని చూస్తే బీపీ పెరగడం కొత్త సంగతేమీ కాదు. 1980ల్లో ఇటలీలోని మిలాన్‌లో పేషెంట్ల రక్తనాళంలోనే బీపీని ఎడతెగకుండా నమోదు చేస్తూ చూస్తే, డాక్టర్ వచ్చి బీపీ చూసినప్పుడు పెరిగినంత నర్సు చూసినప్పుడు పెరగలేదు. మామూలు రోజుల్లో నీ అంకే నిజానికి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ, సరిగ్గా చూస్తేనే అనుకో.

బీపీతో పాటు చేతులారా చేసే పని ఒకటుంది. మిషన్లు వచ్చాక మనం దాన్ని మానేశాం. నాడి పట్టుకోవడం. మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి నిమిషంసేపు ఉండు. అంకె కోసం కాదు, లయ కోసం. కొట్టుకోవడం ఒక క్రమం లేకుండా, ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా, ఒకటి బలంగా, ఒకటి అసలు తెలియకుండా ఉందనుకో, వెంటనే ఈసీజీ కావాలని చెప్పు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె పై గదులు లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉంటే పక్షవాతం ముప్పు దాదాపు ఐదు రెట్లు. అది ఉన్న చాలామందికి ఏ బాధా తెలియదు. మీ రంగుల చార్టులో దానికి గడి లేదు. పైగా లయ తప్పిన నాడికి మిషన్ చూపించే బీపీని కూడా నమ్మలేం, చేత్తో చూడాల్సిందే.

ఇక ఆ పేషెంట్ అడిగిన ప్రశ్న. వస్తుందా, రాదా? నోట మాట రాకపోవడంలో తప్పు లేదు, దానికి ఒక్క మాటలో జవాబు లేదు కాబట్టి. నేనైతే ఇలా చెప్పేదాన్ని: "మీలాంటి వయసు, మీలాంటి బీపీ, మీలాంటి అలవాటు ఉన్నవాళ్లు వంద మందిని తీసుకుందాం. రాబోయే పదేళ్లలో వాళ్లలో 14 మందికి గుండెపోటో పక్షవాతమో వస్తుంది. 86 మందికి రాదు. మీరు ఏ గుంపులో ఉన్నారో నాకూ తెలియదు, డాక్టర్ గారికీ తెలియదు. కానీ ఆ 14ని తగ్గించే పనులు కొన్ని ఉన్నాయి, అవి మాత్రం తెలుసు." పద్నాలుగూ చెప్పాలి, ఎనభై ఆరూ చెప్పాలి. ఒకటే చెబితే బెదిరించినట్టో, బుజ్జగించినట్టో అవుతుంది. ఆ తర్వాత అదే చార్టులో సిగరెట్ లేని వైపు గడి చూపించు. అదే వయసు, అదే బీపీ, అంకె మాత్రం తక్కువ ఉంటుంది. ఆయనే వేలు పెట్టి రెండు గడులూ పోల్చుకునేలా చార్టు ఆయన వైపు తిప్పు. మనం చాలామందిమి దాన్ని మన వైపే పెట్టుకుని చదివి చెబుతాం.

చార్టు కూడా దేవుడేం కాదు. 1948లో అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో ఐదు వేల మందికి పైగా జనాన్ని ఏళ్ల తరబడి గమనించడం మొదలుపెట్టారు కదా, ఈ లెక్కలకు మూలం అక్కడే ఉంది. అప్పటి నుంచి ఎన్ని చార్టులు వచ్చినా వాటిలో వయసుదే పెత్తనం. అందుకే నలభై దాటగానే వచ్చిన సిగరెట్ మనిషికి ఆకుపచ్చ గడి వచ్చి "నాకేం లేదన్నారు" అని ఇంటికి పోతాడు. పదేళ్ల లెక్క తక్కువే, కానీ జీవితకాలం లెక్క వేరు. ఇక ఇదివరకే గుండెపోటో, పక్షవాతమో వచ్చినవాళ్లకు అసలు చార్టు తియ్యకూడదు. వాళ్లు ఎలాగూ ఎక్కువ ముప్పులోనే ఉన్నట్టు.

చార్టు అడగని ప్రశ్నలు నువ్వు అడగాలి. గుమాస్తాకీ నర్సుకీ తేడా ఎక్కడుంది అంటావేమో, నన్నడిగితే ఇక్కడే. నాన్నకో అన్నదమ్ముడికో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెలికో 65 లోపు గుండెజబ్బు వచ్చిందా? కిడ్నీ సమస్య ఉందా? కీళ్లవాతం లాంటిది ఏళ్లుగా ఉందా? నడుము కొలత ఎత్తులో సగం దాటిందా? ఆడవాళ్లను తప్పకుండా అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా? షుగర్ వచ్చిందా? నలభై లోపే నెలసరి ఆగిపోయిందా? కాన్పు అయిపోయింది, బీపీ తగ్గిపోయింది, ఇరవై ఏళ్లయింది, ఇప్పుడెందుకు అని వాళ్లు చెప్పరు. అడిగితే తప్ప ఆ సంగతి ఎవరి కేస్ షీట్‌లోకీ రాదు. నాకు గుర్తున్నంతలో, డాక్టర్ గదిలో చెప్పని ఇలాంటి మాటలు పట్టీ చుడుతుండగా నా దగ్గర చెప్పినవాళ్లే ఎక్కువ.

వాడే మందులూ అడుగు. అయితే "ఏం మందులు వాడుతున్నారు?" అంటే డాక్టర్ రాసినవే చెబుతారు. "ఒంటి నొప్పులకు, జలుబుకు, ఎసిడిటీకి మీ అంతట మీరు ఏమైనా వేసుకుంటారా?" అను. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు, ముక్కు దిబ్బడ తగ్గించే కొన్ని మాత్రలు బీపీని పెంచుతాయి. నీళ్లలో వేస్తే బుసబుసమని కరిగే మాత్రల్లో చాలావాటిలో సోడియం ఉంటుంది. రోజుకు ఐదు గ్రాముల లోపు ఉప్పు అని మనం ఇక్కడ చెబుతుంటాం, ఆయన అక్కడ గ్లాసులో కలుపుకుని తాగుతుంటారు.

సిగరెట్ దగ్గర మాత్రం నీ పొరపాటు ఉంది. నొచ్చుకోకు. "మానేయండి" అనే మాట ఆయన ఇంట్లో రోజూ వింటున్నదే. నువ్వు ఇంకో గొంతు కలిపావు, అంతే. నేను ఈ మాటలు ఎలా నడిపేదాన్నో చెబుతాను.

"సిగరెట్ ఎన్ని తాగుతారు?"

"ఏదో, అప్పుడప్పుడూ."

"నిన్న ఎన్ని తాగి ఉంటారు?"

"...ఎనిమిదో, తొమ్మిదో."

"పొద్దున లేచాక మొదటిది ఎంతసేపటికి?"

"లేవగానే. అది లేకపోతే కుదరదు."

ఇక్కడ నీకు ఒక సంగతి తెలిసిపోయింది. లేచిన అరగంట లోపే కావాలంటే ఒంటికి గట్టిగా పట్టేసిందని అర్థం. మనోబలం ఒక్కటే సరిపోదు, నికోటిన్ గమ్మో, ప్యాచ్చో, మందో అవసరం పడొచ్చు. ఆ మాట డాక్టర్ గారికి రాయి. ఆయన్ని మాత్రం ఇంకో ప్రశ్న అడుగు.

"మానేద్దామని ఎప్పుడైనా అనిపించిందా?"

"ఒకసారి మానేశాను. మూడు నెలలున్నాను."

"మూడు నెలలా! ఎలా ఉండగలిగారు?"

ఇక నువ్వు నోరు మూసుకో. ఆయనే చెబుతారు ఎలా ఉన్నారో, మళ్లీ ఎక్కడ జారారో. మానేయడానికి కావాల్సిన దారి ఆయన నోటి నుంచే వస్తుంది. ఆఖర్న రెండు వాక్యాలు నువ్వు చెప్పు: మానేసిన ఒకటి రెండేళ్లలో గుండెజబ్బు అదనపు ముప్పు దాదాపు సగానికి తగ్గుతుంది. తగ్గించుకుంటే చాలనుకోవద్దు, రోజుకు ఒక్కటే తాగినా ఇరవై తాగేవాళ్లకుండే అదనపు గుండె ముప్పులో సగానికి దగ్గరగా అలాగే ఉంటుంది. ఈ రెండో మాట విని ఆశ్చర్యపోనివాళ్లు నాకు తగల్లేదు. "రెండుకి తగ్గించాను మేడమ్" అని గర్వంగా వచ్చేవాళ్లకు మెచ్చుకుంటూనే చెప్పాలి, అది కొంచెం కష్టం.

రెండోసారి, మూడోసారి వచ్చేవాళ్లతో పని వేరు. "మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అని అడగకు. అవుననే అంటారు. "పోయిన వారంలో ఎన్నిరోజులు వేసుకోవడం కుదరలేదు?" అని అడుగు. కుదరకపోవడం మామూలే అన్నట్టు అడిగితే నిజం చెబుతారు. వీలైతే మాత్రల షీటు తెమ్మను. బీపీ మందు వేసుకుంటే పొడిదగ్గు వస్తోందని ఒకరు, కాళ్లు వాస్తున్నాయని ఒకరు చెప్పకుండా మానేస్తారు. కొన్ని మందులకు అవి నిజంగానే ఉంటాయి, మందు మారిస్తే సరిపోతుంది. "బీపీ నార్మల్ అయిపోయింది, అందుకే ఆపేశాను" అనేవాళ్లకు నార్మల్ అయింది మందు వల్లేనని ఓపిగ్గా చెప్పాలి. పై అంకె పది పాయింట్లు తగ్గి అలాగే నిలిస్తే గుండెపోటు, పక్షవాతం లాంటివి దాదాపు ఐదో వంతు తగ్గుతాయి. ఆ నిలబెట్టడం జరిగేది నీ టేబుల్ దగ్గర.

తృప్తి గురించి రాశావు. స్కాట్లాండ్ ఈశాన్య ప్రాంతంలో 1990ల్లో 19 క్లినిక్కుల్లో 1,343 మంది గుండెజబ్బు పేషెంట్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపును నర్సులు నడిపే ఓపీకి రమ్మన్నారు. బీపీ, కొలెస్ట్రాల్, ఆస్పిరిన్, వ్యాయామం, తిండి, సిగరెట్, అంటే నువ్వు చేస్తున్నవే చూశారు. ఇంకో గుంపుకు ఎప్పటిలాగే వైద్యం. సుమారు నాలుగేళ్ల ఎనిమిది నెలల తర్వాత చూస్తే మామూలు గుంపులో 128 మంది చనిపోయారు, నర్సుల గుంపులో 100 మంది. తేడా 28. ఆ 28 మంది ఎవరో అక్కడి నర్సుల్లో ఒక్కరికీ తెలియదు. వాళ్లెవరూ వచ్చి దండం పెట్టి ఉండరు, తాము బతికామని వాళ్లకే తెలియదు కదా! వార్డులో నువ్వు కాపాడిన మనిషి ముఖం నీకు గుర్తుంటుంది. ఇక్కడ ఆ ముఖం దొరకదు. ఈ లోటు నిజమైనదే, నాకూ చాలాకాలం ఉండేది. అది తీరుతుందని నీకు అబద్ధం చెప్పను.

అయితే హద్దు కూడా తెలుసుకోవాలి. జబ్బు నిర్ధారణ, మందు మార్చడం నీ చేతిలో లేని చోట వాటి జోలికి పోకు. కొన్ని దేశాల్లో అదనపు శిక్షణ పొందిన నర్సులు మందులు కూడా రాస్తారు, మీ దగ్గర నియమం ఏమిటో చూసుకో. బీపీ 180/120 దాటి, దాంతో పాటు ఛాతీలో బరువు, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం ఏదున్నా వరస, టోకెన్ అని చూడకు. అప్పటికప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. ఛాతీ నొప్పి అన్నవాళ్లకు పది నిమిషాల లోపు ఈసీజీ అయిపోవాలి. ఆడవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు నొప్పి అనకపోవచ్చు. నీరసం, దవడ లాగడం, "గ్యాస్ పట్టేసినట్టుంది" అంటారు. ఆ గ్యాస్‌ని తేలిగ్గా తీసుకోకు.

నీ బీపీ చివరిసారి ఎప్పుడు చూసుకున్నావు? 1976లో అమెరికాలో లక్షా ఇరవై వేల మందికి పైగా నర్సుల ఆరోగ్యం మీద ఒక అధ్యయనం మొదలైంది. ఆడవాళ్ల గుండె గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం ఆ నర్సులు ఏళ్ల తరబడి నింపి పంపిన ఫారాల నుంచి వచ్చిందే. డే, నైట్ మారుతూ చేసే డ్యూటీలు ఏళ్ల తరబడి చేసినవాళ్లకు గుండెజబ్బు ముప్పు కొంత ఎక్కువని కూడా వాళ్ల దగ్గరే తేలింది. రేపు మొదటి పేషెంట్ రాకముందు ఆ కుర్చీలో నువ్వే కూర్చో.

ఇక ఆ 52 ఏళ్ల ఆయన. కోపంగా వెళ్లిపోయారన్నావు, మళ్లీ వస్తారో రారో తెలియదు. రిజిస్టర్‌లో ఫోన్ నంబర్ ఉంటుంది కదా. మీ సిస్టర్ ఇన్‌చార్జ్‌కి చెప్పి ఒకసారి ఫోన్ చెయ్యి. "ఆరోజు మీ బీపీ రెండుసార్లు రెండు రకాలుగా వచ్చింది సార్, విశ్రాంతిగా కూర్చోబెట్టి ఇంకోసారి చూడాలి, ఎప్పుడు వీలవుతుంది?" అని అడుగు. సిగరెట్ మాట ఫోన్లో ఎత్తకు. వచ్చాక ముందు బాత్రూమ్ ఎటో చూపించు.